లెక్కకెక్కని బొండాలు

నా దినచర్య పుస్తకంలో 2001 నవంబరు 21, బుధవారం నాటి పేజీలో ఒకే ఒక కూడిక ఉంది. నోటి ద్వారా 450, మందులతో పాటు 100, మొత్తం 550 మిల్లీలీటర్లు. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఆ కూడికలో తప్పు లేదు. తరువాతి కాలంలో ఎన్నిసార్లు సరిచూసుకున్నా అంతే వచ్చింది. అయినా ఆ కూడిక పుణ్యమా అని నేను జనరల్ నర్సింగ్ చివరి ప్రాక్టికల్ పరీక్ష తప్పాను.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళు పల్లెల్లో ఏఎన్ఎమ్‌గా పనిచేశాను. సైకిలు వెనక టీకాల పెట్టె, ముందు పురుళ్ళ సంచీ కట్టుకుని కాలువగట్ల మీద తిరిగిన ఉద్యోగం అది. ఉద్యోగంలో ఉన్నవారిని మూడేళ్ళ నర్సింగ్ చదువుకు పంపే సీట్లలో ఒకటి నాకు దొరికింది. రాజమండ్రిలో హాస్టలు; నాలో సగం వయసు పిల్లలతో ఒకే బల్ల. చివరి పరీక్ష నెగ్గి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే నేను స్టాఫ్ నర్సును. తప్పితే ఆరు నెలలకు మరొక్క అవకాశం. అదీ తప్పితే చదువు సెలవు ముగిసి పాత పోస్టుకు తిరిగి వెళ్ళవలసిందేననీ, రెండవసారి సెలవు ఉండదనీ నాకిచ్చిన ఉత్తరువులో స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యం కింద కూడా నేను ఎర్ర గీత గీసుకున్నాను.

పరీక్ష రోజు నాకు అప్పగించిన రోగి కోనసీమ రైతు, యాభై దాటినవాడు. మూత్రపిండాలు సరిగా పనిచేయక ఒళ్ళంతా నీరు పట్టి ఆసుపత్రిలో చేరాడు. రోజుకు ఆరువందల మిల్లీలీటర్లకు మించి ఏ ద్రవమూ ఇవ్వరాదని డాక్టర్‌గారు రాశారు. నేను ఉదయం ఏడింటికే వెళ్ళి స్కేలుతో పట్టిక గీసి, గడిచిన ఇరవైనాలుగు గంటల లెక్క వేశాను. పది గంటలకు నాడి పట్టి చూశాను; నిమిషానికి 52. రాశాను. కాళ్ళు బరువుగా ఉన్నాయనీ, మంచం మీంచి లేవబుద్ధి కావడంలేదనీ అతను అన్నాడు. అదీ రాశాను. పదిన్నరకు మరొక జిల్లా నుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారు మా మంచం దగ్గర ఆగారు. ఆవిడ పట్టిక అందుకోలేదు. రోగి ముఖంలోకి చూశారు.

"ఈయన ఎలా ఉన్నారమ్మా?"

"ద్రవాలు పరిమితిలోనే ఉన్నాయండి. ఐదువందల యాభై."

"నేను ద్రవాల సంగతి అడగలేదు. ఈయన ఎలా ఉన్నారు?"

నేను మళ్ళీ పట్టిక వైపు చూశాను. ఆవిడ వంగి, మంచం మీంచి వేలాడుతున్న దుప్పటి అంచు పైకెత్తారు. కింద మూడు ఖాళీ కొబ్బరి బొండాలు, ఇంకా చెక్కని బొండాలు రెండు.

"ఇవి ఎవరు తాగారు?"

"ఆయనేనండి," అంది అతని భార్య, తలవైపు నిలబడి. "మంచినీళ్ళు ఎక్కువ పట్టొద్దన్నారు గదండీ. దాహం దాహం అంటంటే చూళ్ళేక బొండాం నీళ్ళు పట్టేనండి. మా చెట్టు కాయలేనండి."

బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేసే మనిషికి అది బలం. పనిచేయనివాడి రక్తంలో అది పేరుకుపోయి కండరాలను చచ్చుపరుస్తుంది, గుండె నడకను మందగింపజేస్తుంది. నాడి 52, కాళ్ళ బరువు: రెండూ నా చేతిరాతలోనే, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఎగ్జామినర్‌గారు పరీక్ష ఆపి డ్యూటీ డాక్టర్‌ను పిలిపించారు. ఇంజెక్షన్లు ఇచ్చారు, రక్తం పరీక్షకు పంపారు, సాయంత్రానికి ప్రమాదం తప్పింది. ఆ గొడవలో వార్డులో ప్రతివారూ ఆ భార్యను తలో మాటా అన్నారు. "మొగుణ్ణి నీ చేత్తోనే పంపించేద్దామనుకున్నావా?" అని ఒక ఆయా అన్నది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆవిడ తల వంచుకుని, ఎవరికీ బదులు చెప్పలేదు. ఎగ్జామినర్‌గారు మాత్రం ఆవిడను ఏమీ అనలేదు. నా పట్టిక నాకు తిరిగి ఇస్తూ ఒక్కమాట అన్నారు.

"అన్నీ రాశావమ్మా. ఏదీ చూడలేదు."

ఆ రోజు జరిగినవాటిలో ఒక్క సంగతి మాత్రం నేను పుస్తకంలో రాయలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. దాన్ని దాని చోట చెబుతాను.

డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. రాతపరీక్షలన్నీ పాస్, ప్రాక్టికల్ ఫెయిల్. హాస్టలు ఖాళీ చేసి నిడదవోలులో మా ఇంటికి వచ్చేశాను. మేలో రెండవసారి పరీక్ష. అప్పటివరకూ రోజూ పొద్దున్న పాసింజరులో రాజమండ్రి వెళ్ళి వార్డులో పనిచేసి, సాయంత్రం తిరిగి రావాలి. మా వారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆయన నా దిగులు చూసి, "నన్ను రోగిగా వాడుకో. జీతం అక్కర్లేదు," అన్నారు. ఆ ఆదివారం పడకకుర్చీలో పడుకుని ఆయాసం వచ్చినట్టు నటించారు. నేను గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టి రాశాను. నాడి లెక్కపెట్టి రాశాను. జ్వరం చూసి రాశాను. వయసు, బరువు, అలవాట్లు అడిగి రాశాను. ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఎంతసేపైందోయ్?"

"ఎనిమిది నిమిషాలండి."

"నేను ఐదో నిమిషంలోనే పోయాను. నువ్వు రాసుకుంటున్నావు కదా అని చెప్పలేదు."

నవ్వాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

పెద్దసిస్టర్‌గారు నాకు తటస్థపడింది జనవరిలో, ఆ పాసింజరు ఆడవాళ్ళ పెట్టెలో. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేసి రిటైరై, రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోములో నర్సుల మీద పర్యవేక్షణకు రోజూ వెళ్ళి వస్తుండేవారు. పొట్టి మనిషి, తెల్లచీర, ఒళ్ళో మడిచిన గొడుగు. నేను నోట్సు ఒళ్ళో పెట్టుకుని మందుల మోతాదులు వల్లిస్తుంటే రెండు రోజులు విన్నారు. మూడవనాడు గొడుగు కొసతో నా నోట్సు మూసేశారు.

"ఏమ్మా, అన్నీ వచ్చినట్టే ఉన్నాయే. మరి దేంట్లో పోయింది?"

"ప్రాక్టికల్లోనండి."

"అనుకున్నాను. కొవ్వూరు దాటనీ, చెబుతాను."

కొవ్వూరు దాటగానే గోదావరి వంతెన. బండి వంతెన ఎక్కిన క్షణాన ఆవిడ ప్రశ్న వేశారు.

"రోగికి సెలైను పెట్టారు. ఎనిమిది గంటల్లో వెయ్యి మిల్లీలీటర్లు ఎక్కాలి. మిల్లీలీటరుకు పదిహేను చుక్కలు. వంతెన దిగేలోగా ఏం చేస్తావో చెప్పు."

నేను మూడో స్తంభం దాటకముందే చెప్పాను. "నిమిషానికి ముప్పై ఒక్క చుక్కలండి."

"లెక్క బాగుంది. రోగి ఎవరు?"

"మీరు చెప్పలేదు కదండీ."

"నువ్వు అడగలేదు కదమ్మా. డెబ్బై ఏళ్ళ ముసలాయన, గుండె బలహీనం. రెండు కాళ్ళూ మంచం కిందికి వేలాడేసుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నువ్వు ఆయనకి ముప్పై ఒక్క చుక్కలు సరిగ్గా లెక్కపెట్టి మరీ ఎక్కించావు. వంతెన సగానికి ఆయన లేడు."

ఎదురు బల్ల మీద పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఇదంతా వింటున్నది. రోజూ కొవ్వూరులో ఎక్కి, రాజమండ్రిలో ఇంటింటికీ కనకాంబరాలు, మల్లెలు వేసే మనిషి. ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"గాలాడనోణ్ణి లేపి కూర్చోబెట్టాలి గానండీ, నీళ్ళెక్కించడమేంటండీ?"

"విన్నావా?" అన్నారు పెద్దసిస్టర్‌గారు. "ముందు సెలైను ఆపు. లేపి కూర్చోబెట్టు. ఆక్సిజన్ పెట్టు. ఆ తరువాత డాక్టర్‌గారికి కబురు. చుక్కలు ఆ తరువాత లెక్కపెట్టుకోవచ్చు."

అలా మొదలైంది. రోజుకొక ప్రశ్న, వంతెన ఎక్కగానే ప్రశ్న, దిగేలోగా జవాబు. నా గడియారం ప్రకారం సగటున ఆరు నిమిషాలు. కిటికీల్లోంచి జనం గోదావరికి చిల్లర విసిరి దండం పెట్టుకుంటుండగా, నేను ఎవరో ఒకరి ప్రాణం గురించి ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. దిగిన తరువాత స్టేషను బల్ల మీద పుస్తకం తీసి ఫలితం రాసుకునేదాన్ని. మొదటి పన్నెండు ప్రయాణాల లెక్క ఇది: నా జవాబులు సరైనవి మూడు, తప్పినవి తొమ్మిది. తొమ్మిదింటిలో ఐదుసార్లు నా మొదటిమాట "డాక్టర్‌గారికి చెబుతానండి". మూడుసార్లు "చార్టు చూస్తానండి". ఒకసారి వంతెన దిగేదాకా నోరే పెగల్లేదు. పూలావిడ జవాబులు కూడా పక్క గడిలో రాశాను. ఆవిడవి పన్నెండింటిలో ఏడు సరైనవి.

"సిస్టరమ్మకి ఎన్నొచ్చాయండీ?" అని అడిగేది ఆవిడ రోజూ.

"మూడు."

"పర్లేదండి, పుస్తకాలు చదివినోళ్ళకి ఆలీసెంగా తెలుస్తాదండి."

పెట్టెలో అందరూ నవ్వేవారు. పెద్దసిస్టర్‌గారు మాత్రం నవ్వకుండా కిటికీలోంచి చూసేవారు. డాక్టర్‌గారికి చెప్పడం తప్పని ఆవిడ ఎన్నడూ అనలేదు. "చెప్పాలి. కానీ ఏం చూశావో చెప్పాలి, ఏం చేశావో చెప్పాలి. 'రోగి బాగోలేదండి' అని చెప్పడానికి నువ్వెందుకు, వార్డు బయట కూర్చున్న చుట్టాలు చాలు," అనేవారు.

ఫిబ్రవరి మొదట్లో ఒకనాడు ఇలా అడిగారు. "వార్డులో నలుగురు. ఒకడు కాలు విరిగి గోలగోలగా అరుస్తున్నాడు. ఒకడికి జ్వరం నూటరెండు. ఒకడు మందు కోసం బెల్లు కొడుతున్నాడు. నాలుగో ఆవిడ పురుడై గంటైంది, మంచినీళ్ళివ్వమని నెమ్మదిగా అడుగుతోంది. ముందు ఎవరి దగ్గరికి వెళతావు?"

"బాలింత దగ్గరికండి," అన్నాను. వంతెన మొదలై అర నిమిషం కాలేదు.

"అరిచేవాణ్ణి వదిలేసి?"

"అరిచేవాడికి ఊపిరుందండి. ఆవిడ దాహం చూస్తే అనుమానంగా ఉంది. దుప్పటి తీసి కింద రక్తం ఎంత పోతోందో చూస్తాను. పొట్ట మీద చెయ్యివేసి గర్భసంచి మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దుతూనే, ఎవరినైనా డాక్టర్ కోసం కేకేస్తాను."

పెద్దసిస్టర్‌గారు మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగారు. "ఇది ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ లేదండి. పల్లెలో నేను పోసిన పురుళ్ళు రెండువందల పద్నాలుగు. అక్కడ డాక్టర్‌గారు పది మైళ్ళ దూరంలో ఉండేవారు."

"మరి ఆ కళ్ళు ఎక్కడ పారేసుకున్నావమ్మా? సైకిలు దిగి వార్డులోకి రాగానే కాయితానికి అప్పగించేశావా?"

ఆ మాటతో నాలో ఒక ముడి వీడింది. మూడేళ్ళుగా నేను నేర్చుకున్నదాన్ని నా పదకొండేళ్ళ పని మీద కప్పుకుంటూ వచ్చాను. చిన్నపిల్లల ముందు వెనకబడకూడదని గీతలు మరింత నిటారుగా గీశాను, అంకెలు మరింత పొందిగ్గా వేశాను. పల్లెలో గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు మనిషి ముఖం, ఆ తరువాత గది, ఆ తరువాత ఇంట్లోవారి చేతుల్లో ఏముందో చూసేదాన్ని. అది చదువు కాదనుకున్నాను. ఆవిడ ఆ రోజు నాకు కొత్తగా ఏమీ ఇవ్వలేదు. నాదే నాకు తిరిగి ఇచ్చారు. అంతకన్నా పెద్ద ఉపకారం నాకు ఎవరూ చేయలేదు.

ఆ తరువాత మార్చి దాకా నా గడిలో సరైనవి పెరుగుతూ వచ్చాయి. మార్చి రెండవ వారంలో ఒకనాడు, ఆవిడ మామూలుగానే అడిగారు.

"మూత్రపిండాల రోగి. చుట్టాలు బొండాలు తెచ్చారు. ఏం చేస్తావు?"

జవాబు నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా నోట్సు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. పూలావిడ అందుకుంది.

"బొండాం మంచిదే గదండీ! పట్టమనాలి."

"నేనూ అదే అన్నానండి," అన్నాను.

పెద్దసిస్టర్‌గారు నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను, పుస్తకంలో రాయని సంగతి. పరీక్ష రోజు ఉదయం నేను పట్టిక గీస్తుండగా ఆ రైతు భార్య నా పక్కకు వచ్చి, "బొండాం పట్టొచ్చా అండి?" అని అడిగింది. విరేచనాలైనా, వడదెబ్బైనా, నీరసమైనా బొండాం నీళ్ళు పట్టమని పదకొండేళ్ళు ఊరూరా చెప్పిన నోరు నాది. మా వైపు అది మంచినీళ్ళ లెక్కలోకీ రాదు, తిండి లెక్కలోకీ రాదు. స్కేలు కదిలిపోతుందేమోనని తల ఎత్తకుండా, గీత గీస్తూనే తలూపాను. మూడు బొండాలూ ఆ తలూపుడు తరువాతే ఖాళీ అయ్యాయి.

"అందరూ ఆవిణ్ణి తిడుతుంటే?"

"చెప్పలేదండి. పరీక్ష పోతుందని."

బండి వంతెన దిగి గోదావరి స్టేషనులో ఆగింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. పెద్దసిస్టర్‌గారు గొడుగు సర్దుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"ఆవిడ నాలుగు నెలలుగా మొగుణ్ణి తన చేత్తోనే చంపబోయాననుకుంటూ ఉండి ఉంటుంది. పరీక్ష సంగతి తరువాత. నువ్వు ముందు చూడాల్సిన రోగి ఆవిడమ్మా."

మార్చి 17, ఆదివారం. తణుకు మీదుగా రావులపాలెం, అక్కడినుంచి మరొక బస్సు. ఊరి పేరు నా నోట్సులో ఉంది. కేసు షీటు మొత్తం నకలు రాసుకునే అలవాటు ఆ విధంగా పనికివచ్చింది. బస్సు దిగినచోటే అడిగితే ఇల్లు చూపించారు. రైతు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందు ముఖం చూశాను, తరువాత పాదాలు చూశాను. నీరు తగ్గింది. భార్య లోపలినుంచి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"పరీచ్చ సిస్టరమ్మగారండీ! రండి రండి, కూర్చోండి."

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "మీరు ఆ రోజు నన్ను అడిగారండి. నేను తలూపాను. తప్పు మీది కాదు, నాది. ఆ మాట ఆ రోజే అందరి ముందూ చెప్పాల్సింది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. మొగుడి వైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వింది.

"తెలుసు గదండీ. మిమ్మల్నడిగే కదా పట్టేను."

"మరి వాళ్ళు అన్ని మాటలంటుంటే చెప్పలేదేమండీ?"

"మీకు పరీచ్చ గదండీ. ఆ పెద్దమ్మగారు ఎదురుగా నిలబడి ఉంటే, ఈవిడే చెప్పిందంటే మీ పరీచ్చ పోదేటండీ? ఈయనెలాగూ బతికేడు. నన్నో మాటంటే అరిగిపోతానా?"

నన్ను కాపాడుకోవడానికి నేను మౌనంగా ఉన్నానని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. అదే సమయంలో, అదే మంచం అవతల, నన్ను కాపాడటానికి మరొకరు మౌనంగా ఉన్నారని నాకు తెలియదు.

"ఇంతకీ పాసయ్యేరాండీ?" అని అడిగింది.

"లేదండి. ఫెయిలయ్యాను."

"అయ్యో రామ! అయితే నేను తిట్లు ఊరికినే పడ్డానాండీ?"

రైతు గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. బయలుదేరేటప్పుడు ఆవిడ రెండు బొండాలు తెచ్చి, చేతికివ్వబోయి ఆగింది. "మీకు మూత్రపిండాలు బాగానే ఉన్నాయి గదండీ?" అని అడిగి మరీ ఇచ్చింది. అలా అడగడం ఆవిడ నేర్చుకున్నదనీ, ఆ ఊళ్ళో ఇంకెవరికీ అడగకుండా బొండాం చెక్కదనీ రైతు చెప్పాడు.

మే 11 శనివారం రెండవ పరీక్ష. ఈసారి వచ్చిన ఎగ్జామినర్‌గారు వేరే ఆవిడ. వడగాలి వార్డులోకి దూరకుండా కిటికీలకు తడిపిన చాపలు కట్టారు. తొమ్మిదిన్నరకు నాకు ఇచ్చిన రోగి షుగరు ఉన్న మనిషి. కాలి మీద పుండుకు చికిత్స జరుగుతోంది. ఉదయం ఏడింటికి ఇన్సులిన్ ఇచ్చినట్టు చార్టులో ఉందని తరువాత చూశాను. ముందు మనిషిని చూశాను. పంకా కింద పడుకుని కూడా నుదుటిమీద ధారగా చెమట. చేతులు వణుకుతున్నాయి. పేరు అడిగితే, ఎవరో పోట్లాటకు వచ్చినట్టు తడబడుతూ విసుక్కున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మంచం పక్క బల్లమీద ఆసుపత్రివారిచ్చిన ఉప్మా మూతపెట్టి ఉంది. మూత తీశాను. చెంచా కూడా ముట్టుకోలేదు.

"ఈయన తినలేదాండీ?" అని భార్యను అడిగాను.

"శనివారమండి. ఒక్కపొద్దు. రాత్రికే తింటారండి. చిన్నతిరపతి మొక్కండి, పద్దెనిమిదేళ్ళై తప్పలేదు."

"ఇంజెక్షన్ చేయించుకున్నారు కదండీ?"

"ఇంజెచ్చనుకేమండీ, నోట్లోకెళ్ళేది కాదు గదండీ."

ఎగ్జామినర్‌గారు నా వెనక నిలబడి ఉన్నారని తెలుసు. నా నాలుక చివర "డాక్టర్‌గారికి చెబుతాను" అన్న మాట పాత అలవాటుగా వచ్చి నిలబడింది. పక్క మంచం వారి దగ్గర పంచదార డబ్బా కనిపించింది. అడిగి తీసుకుని, గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాలు కలిపి, అతన్ని లేపి కూర్చోబెట్టాను. ఒక జూనియర్ అమ్మాయిని డ్యూటీ డాక్టర్ కోసం పరిగెత్తమన్నాను. ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో చెప్పాను: ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినలేదు, చెమటలు, మాట తడబడుతోంది, పంచదార నీళ్ళు పడుతున్నాను. గ్లాసు నోటి దగ్గర పెడితే అతను తల పక్కకు తిప్పేశాడు.

"స్వామికి... తప్పు," అన్నాడు.

"ఇది తిండి కాదండి. మందు. స్వామివారి తీర్థం అనుకుని పుచ్చుకోండి. సాయంత్రం దీపం మీరే పెట్టాలి కదండీ, మీరు కళ్ళు తెరిచి ఉండాలి కదా."

ఒక గుక్క మింగాడు. పొలమారలేదు. ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ అయిన పది నిమిషాలకు చెమట ఆరింది, పదిహేనో నిమిషంలో నన్ను చూసి, "మీరెవరండీ?" అని మర్యాదగా అడిగాడు. డాక్టర్‌గారు అప్పటికే వచ్చి చూస్తున్నారు. ఎగ్జామినర్‌గారు అప్పుడు నోరు విప్పారు.

"డాక్టర్‌గారు రాకముందే ఎందుకిచ్చావు?"

"అప్పటికి ఆయన మింగగలరండి. వచ్చేదాకా ఆగితే మింగలేకపోవచ్చు."

"చార్టు ఎప్పుడు రాస్తావు?"

"ఇప్పుడండి."

అప్పుడు కూర్చుని స్కేలు తీశాను. పట్టికలో ఆసుపత్రి ముద్రించిన గడులన్నీ నింపాక, అడుగున నా చేత్తో ఒక గడి అదనంగా గీసి, "ఇంటివారి అలవాట్లు, ఇంటివారు ఇచ్చినవి" అని రాశాను. అందులో: శనివారం ఒక్కపొద్దు, అల్పాహారం తినలేదు. పంచదార నీళ్ళు 200 మిల్లీలీటర్లు, తొమ్మిది నలభైకి. ఎగ్జామినర్‌గారు ఆ గడిని చదివి సంతకం పెట్టారు.

జూలై 9, మంగళవారం ఫలితం తెలిసింది. పాస్. మా వారు స్కూలు నుంచి వస్తూ, రోగి పడకకుర్చీలో లేచి కూర్చుని దండం పెడుతున్న బొమ్మ ఒకటి వేసుకొచ్చి నా చేతిలో పెట్టారు. రిజిస్ట్రేషన్ కాయితం సెప్టెంబరులో వచ్చింది. కోనసీమకు ఒక కార్డు రాశాను: ఈసారి మీ తిట్లు వృథా పోలేదని.

పోస్టింగు రాజమండ్రిలోనే వచ్చింది గనుక పాసింజరు ప్రయాణం తప్పలేదు. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకువెళ్ళాను. పెద్దసిస్టర్‌గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివారు. వంగి పాదాలకు దండం పెట్టబోతే గొడుగు అడ్డం పెట్టారు. "కదిలే బండిలో వంగకు. ఆ మాత్రం జడ్జిమెంట్ ఉండాలి," అన్నారు. కాయితం మాత్రం నాకు వెంటనే తిరిగి ఇవ్వలేదు. వంతెన దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

పూలావిడ బుట్టలోంచి మూర కనకాంబరాలు తీసి నా జడలో తనే గుచ్చింది.

"అన్నీ రాసుకుంటారు గదండీ. మొత్తం మీద ఎవరికెన్నండీ?"

పుస్తకం తీసి చూశాను. జనవరి నుంచి పరీక్ష ముందురోజు దాకా వంతెన మీద ప్రశ్నలు ఎనభై నాలుగు. నాకు సరైనవి యాభై రెండు. ఆవిడకు యాభై ఐదు. ఉన్నది ఉన్నట్టే చదివాను.

"అయితే నా కాయితమేదండీ?" అంది ఆవిడ, పెట్టె అంతా నవ్వుతుండగా.

ఆ సాయంత్రం పుస్తకంలో ఆ రోజు పేజీకి అడుగున, అదనంగా ఒక గడి గీశాను. నా కాయితం మీద నా పేరు ఒక్కటే ఉంది కాబట్టి, మిగిలిన వారిని అందులో రాసుకున్నాను: గొడుగు ఆవిడ, పూల ఆవిడ, బొండాల ఆవిడ, బొమ్మల మాస్టారు. పైన తేదీ వేశాను. కింద ఎర్ర గీత గీయలేదు.